బేస్ గిటార్, పెడళ్లు, సింథ్: మన స్టేజీలకు తగ్గట్టు ఎలా ఎంచుకోవాలి

బేస్ నేర్చుకోవాలనుకునే పిల్లలు నన్ను ముందుగా అడిగేది "ఏ కంపెనీది తీసుకోవాలి అన్నా?" అని. నేను తిరిగి అడిగేది "నీ పక్కన ఎవరెవరు వాయిస్తారు తమ్మీ?" అని. దానికి జవాబు చెప్పగలిగితే కొనుగోలు సగం అయిపోయినట్టే.

నాది కాజీపేట. ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో పని, రైల్వే క్వార్టర్లో ఇల్లు. ఆదివారాలు చర్చిలో, వినాయక నవరాత్రుల్లో, బతుకమ్మ రోజుల్లో, తెలిసినవాళ్ల పెళ్లిళ్లలో బేస్ వాయిస్తాను. మా బృందంలో అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే. వరంగల్, హన్మకొండ, కాజీపేట మధ్యనే మా తిరుగుడంతా. ఎప్పుడైనా జనగామ, పరకాల, హుజూరాబాద్ దాకా పోతాం. ఈ స్టేజీల మీద ఏం మోగుతుందో చూడండి. కీబోర్డ్ అన్న ఎడమ చెయ్యి ఎప్పుడూ కింది స్వరాల మీదే ఉంటుంది. ఆక్టోప్యాడ్‌లో (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్) కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, పడుతూ ఉంటుంది. జానపదం అందుకుంటే డప్పులు, డోలు దిగుతాయి. పైగా సౌండ్ వాళ్లు పెద్ద బాక్సుల్లో లోతు ఎక్కువే పెడతారు, జనానికి గుండె అదరాలి కదా. ఇంత ఉన్నాక మనం కూడా పోయి ఆ గుడగుడలో ఇంకాస్త గుడగుడ కలిపితే ఏ స్వరం వాయిస్తున్నామో ఎవరికీ తెలియదు. ఒక పెళ్లిలో ఒక పెద్దాయన మా దగ్గరికొచ్చి "సప్పుడు మస్తుంది గానీ పాట వినపడ్తలేదు బిడ్డా" అన్నాడు. ఆయన మాట పట్టుకునే నేను అప్పటి నుంచి ప్రతి వస్తువునూ చూస్తాను. లోతు మన దగ్గర ఎలాగూ దొరుకుతుంది. దొరకనిది స్పష్టత. డబ్బు దాని మీద పెట్టాలి.

కొంచెం లెక్క చెప్తాను, కొనేటప్పుడు పనికొస్తుంది. బేస్ మీద అన్నిటికన్నా లావు తీగ, ఇ, సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఎ తీగ 55, డి 73, జి 98. ఎనిమిది అంగుళాల స్పీకరున్న చిన్న యాంప్ 41ని సరిగా పలికించలేదు. అయినా ఆ స్వరం మన చెవికి తెలుస్తుంది. ఎందుకంటే అదే తీగ 82 దగ్గర, 123 దగ్గర, 164 దగ్గర కూడా మోగుతుంది. ఆ పై కంపనాలను బట్టి చెవి కిందిదాన్ని పోల్చుకుంటుంది. ఫోన్ స్పీకర్లో కూడా బేస్ నడక కొంతైనా పట్టుకోగలిగేది ఇందువల్లే. కాబట్టి ఆ పై కంపనాలు శుభ్రంగా వచ్చే గిటార్, వాటిని మింగెయ్యని సౌండ్ మనకు కావాలి.

గిటార్

1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చింది, 1960లో జాజ్ బేస్ వచ్చింది. ఇవాళ షాపులో వేలాడే బేస్‌లలో చాలావరకు ఈ రెంటిలో ఒకదాని పోలికే, లేకపోతే రెంటినీ కలిపినవి. ప్రెసిషన్‌లో నడుమ రెండు ముక్కలుగా పెట్టిన ఒకే పికప్ (తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క) ఉంటుంది. మధ్య శబ్దం నిండుగా వస్తుంది, కరెంటు హమ్ (ఆగకుండా వచ్చే మోత) తక్కువ. జాజ్‌లో రెండు పొడుగాటి పికప్‌లు. రెండిటి వాల్యూమూ పూర్తిగా తిప్పితే హమ్ పోతుంది, ఒకదాన్ని తగ్గించగానే మళ్లీ మొదలవుతుంది. మన ఫంక్షన్ హాళ్లలో సీరియల్ లైట్లు, డిమ్మర్ల మధ్య ఇది చిన్న సంగతి కాదు. జాజ్ మెడ నట్ (తల దగ్గర తీగలు ఆనే ముక్క) దగ్గర సన్నగా, 38 మిల్లీమీటర్లు ఉంటుంది. ప్రెసిషన్‌ది దానికన్నా వెడల్పు.

మొదటి బేస్‌గా నేను చెప్పేది పీజే. అంటే నడుమ ప్రెసిషన్ పికప్, బ్రిడ్జి (కింద తీగలు ఆనే ముక్క) దగ్గర జాజ్ పికప్. యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనేజ్ జీఎస్ఆర్ 200 రెండూ ఇలాంటివే. జానపదానికి ముందు పికప్ ఒక్కటి చాలు. చర్చిలో నెమ్మది పాటకు వెనకది కొంచెం కలిపితే స్వరం అంచు తేరుతుంది.

యాక్టివ్ బేస్‌లో తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది, వాయించినా వాయించకపోయినా. స్టేజీ దిగగానే జాక్ పీకే అలవాటు ఉన్నవాళ్లే యాక్టివ్ తీసుకోండి. మొదటిసారి కొనేవాళ్లకు బ్యాటరీ లేని పాసివ్ చాలు.

ఐదు తీగలదా, నాలుగు తీగలదా? ఈ ప్రశ్నకు సాయంత్రమంతా వాదించుకునేవాళ్లున్నారు. కీబోర్డుకి ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, మనకు లేదు. పాడే అమ్మాయి "డి షార్ప్‌లో పెట్టండన్నా" అంటే కీబోర్డ్ అన్న ఒక బటన్ నొక్కుతాడు, మనం చెయ్యి జరపాలి. డి షార్ప్‌కి కింది సా నాలుగు తీగల బేస్‌లో లేదు, ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి పోయి వాయించాలి. ఐదో తీగ, బి, ఉంటే అక్కడే దొరుకుతుంది. కానీ ఆ బి తీగ 31 దగ్గర కంపిస్తుంది. మన సౌండ్ వాళ్ల బాక్సుల్లో అది చాలాసార్లు గాలిగానే వస్తుంది, స్వరంగా రాదు. అందుకని మొదట నాలుగు తీగలది కొని, ఖాళీ తీగలు మోగించకుండా ఏ శ్రుతిలోనైనా వాయించడం చేతికి పట్టించండి. ఐదోది తర్వాత చూసుకోవచ్చు.

మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. మా చర్చి పిల్లల్లో పదో తరగతి చదివే అమ్మాయి ఒకతి ఉంది. ఆ పొడవు బేస్ మీద మొదటి మూడు ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) పట్టడానికే ఆమె మణికట్టు నొప్పి పెట్టేది. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ చేతికిచ్చాక వారం తిరక్కముందే పాటలు వచ్చేశాయి. షార్ట్ స్కేల్ పిల్లల బొమ్మ కాదు. లావు తీగ కొంచెం వదులుగా అనిపిస్తుంది, అంతే. ఒక సైజు లావుది వేస్తే సర్దుకుంటుంది.

షాపులో కూర్చుని చూడాల్సినవి

వరంగల్ షాపుల్లో డోలక్‌లు, కీబోర్డులు, అకౌస్టిక్ గిటార్లు దొరికినంత సులువుగా బేస్‌లు దొరకవు. ఎక్కువమంది ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. నా మాట వింటే, పొద్దున బండి ఎక్కి సికింద్రాబాద్ పోయి చేత్తో పట్టుకుని చూసే కొనండి. ఒకే మోడల్లో రెండు గిటార్లు పక్కపక్కన పెడితే ఒకదాని మెడ సరిగా ఉండి, రెండోదానిది ఉండకపోవచ్చు.

ముందు నిలబడి బెల్టు వేసుకోండి. చేతులు రెండూ వదలండి. మెడ బరువుకి తల కిందికి వాలిపోతే రెండు గంటల ప్రోగ్రాంలో ఎడమ చెయ్యి దాన్ని మోయడానికే సరిపోతుంది. బెల్టు మూడంగుళాల వెడల్పుది తీసుకోండి, భుజం మిగులుతుంది. తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటిగా మోగించండి. సేల్స్ కుర్రాడు విసుక్కున్నా ఆపకండి. ఎక్కడైనా జివ్వుమంటుందా, ఎక్కడైనా స్వరం త్వరగా చచ్చిపోతుందా చూడండి. జి తీగ మీద ఐదు, ఏడు ఫ్రెట్ల మధ్య ఇలా చచ్చుబడే చోటు చాలా బేస్‌లలో ఉంటుంది. కొద్దిగా ఉంటే ఫర్వాలేదు, స్వరం పూర్తిగా నిలవకపోతే ఆ గిటార్ వదిలేయండి. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు పెట్టి మోగించండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మోగించండి. ట్యూనర్‌లో రెండూ ఒకటే చూపించాలి. పాతది కొంటుంటే గుండీలన్నీ తిప్పి చూడండి, జాక్ దగ్గర కేబుల్ కదిపి చూడండి. బరబరా అంటే చాలావరకు కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. మెడ మెలి తిరిగి ఉంటే మాత్రం ఏ మేస్త్రీ చేతిలోనూ బాగుపడదు.

చేతిలో 30 వేలుంటే 30 వేల గిటార్ కొనకండి. 20 వేలు గిటార్‌కి, మిగిలింది మంచి కేబుల్, బెల్టు, ట్యూనర్, డీఐ బాక్స్ (ఇదేమిటో కింద చెప్తాను), ఒక తీగల సెట్టు, సెట్టింగ్ కూలీకి. సెట్టింగ్ చేయించిన మామూలు గిటార్ ముందు, డబ్బాలోంచి తీసి అలాగే వాయించే ఖరీదైనది నిలబడదు.

ఆ సెట్టింగ్ కొంత మీరే చేసుకోవచ్చు. తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర రెండో చేత్తో నొక్కి, ఏడో ఫ్రెట్ పైన సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. ఎక్కువుంటే మెడ వంపును సరిచేసే లోపలి ఇనుప కడ్డీని, ట్రస్ రాడ్‌ను, అలెన్ కీతో గడియారం తిరిగే వైపు పావు చుట్టు బిగించి, పూటంతా వదిలేసి మళ్లీ చూడండి. పావు చుట్టుకి మించి ఒకేసారి తిప్పొద్దు. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు, జూలై వచ్చేసరికి గోడలు చెమ్మ పడతాయి. చెక్క రెండిటికీ కదులుతుంది. నేను ఎండలు ముదిరినప్పుడు ఒకసారి, వానలు పట్టాక ఒకసారి ఈ సందు చూసుకుంటాను. ఎండలో ఆపిన కారు డిక్కీలో మాత్రం గిటార్ పెట్టకండి.

తీగలు 45 నుంచి 105 సెట్టు మామూలుగా సరిపోతుంది. రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టినవి) కొత్తగా ఉన్నప్పుడు పై కంపనాలు బాగా పలుకుతాయి, మన గోల స్టేజీలకు అవే మేలు. ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన తీగ చుట్టినవి) శబ్దం మెత్తగా ఉంటుంది, చర్చిలోనో చిన్న గదిలోనో అద్భుతం.

సౌండ్‌లోకి వెళ్లే దారి

ఇంట్లో వాయించుకోవడానికి పెద్ద యాంప్ అక్కర్లేదు. మా క్వార్టర్లలో పక్కింటాయన నైట్ డ్యూటీ దిగి పగలు పడుకుంటాడు. నేను వోక్స్ యాంప్లగ్ లాంటి హెడ్‌ఫోన్ ముక్క గిటార్‌కి గుచ్చుకుని వాయించుకుంటాను. స్టేజీ మీద మనం వాయించేది సౌండ్ వాళ్ల బాక్సుల్లోనే కాబట్టి, యాంప్ కన్నా ముందు డీఐ బాక్స్ కొనండి. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను అది మైక్ కేబుల్‌లో దూరం పంపడానికి తగినట్టు మారుస్తుంది. పాసివ్ గిటార్‌కి యాక్టివ్ డీఐ, యాక్టివ్ గిటార్‌కి పాసివ్ డీఐ అని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. యాక్టివ్ డీఐకి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ (మైక్ కేబుల్‌లోనే వచ్చే కరెంటు) కావాలి, లేదా బ్యాటరీ. మిక్సర్‌లో బేస్ చానల్ మీద కింది శబ్దాన్ని కోసే లో-కట్ బటన్ నొక్కి ఉందేమో సౌండ్ అన్నను మర్యాదగా అడగండి. అంతకుముందు అక్కడ మైక్ పెట్టి ఉంటే అది నొక్కే ఉంటుంది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. నేను కరెంటు మధ్యే బతికేవాణ్ని. వినాయక మండపాల దగ్గర వానాకాలం, తడి టార్పాలిన్ మీద చెప్పుల్లేకుండా నిలబడతాం, తీగల మీద రెండు చేతులు, పెదాలకు మైక్. గిటార్ తీగలు యాంప్ ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి. మైక్ వేరే లైన్‌లో ఉండి దాని ఎర్త్ పోయి ఉంటే, ఆ రెంటి మధ్య మీ ఒళ్లే తీగ అవుతుంది. అందుకే పాడే ముందు, ఎడమ చెయ్యి గిటార్‌కి దూరంగా పెట్టి, లైన్ టెస్టర్ మొన మైక్ జాలీకి తాకించండి. బల్బు వెలిగితే మైక్ ముట్టుకోకండి, కరెంటు చూసే అన్నను పిలవండి. మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లుంటే సాకెట్‌లో చూడాలి: ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు. ఫేజు-ఎర్త్ మధ్య అంకె నిలకడగా లేకపోతే అక్కడ ఎర్త్ లేనట్టే.

హమ్ పోతుందని ప్లగ్ మూడో పిన్ను విరిచేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. హమ్ పోవడానికి డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న స్విచ్ ఉంది. అది సిగ్నల్ కేబుల్‌లోని షీల్డును మాత్రమే విడదీస్తుంది. కరెంటు ఎర్త్ అలాగే ఉంటుంది, హమ్ పోతుంది, ప్రాణమూ ఉంటుంది.

పెడళ్లు

పెడల్ అంటే గిటార్‌కీ సౌండ్‌కీ మధ్య కాలి దగ్గర పెట్టి శబ్దం మార్చుకునే చిన్న పెట్టె. మొదటి పెడల్ ట్యూనర్. అదే మ్యూట్ స్విచ్‌గా కూడా పని చేస్తుంది. రెండోది కంప్రెసర్ (గట్టి, మెల్లని స్వరాలను సమం చేసేది) అని అందరూ అంటారు. నా ఉద్దేశంలో వేళ్ల బలం సమంగా పడేదాకా అది కొనక్కర్లేదు. బ్లెండ్ గుండీ (అసలు శబ్దంతో ఎంత కలపాలో చెప్పేది) ఉన్న ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని కొంచెం గరుకు చేసేది) మాత్రం మన స్టేజీలకు బాగా ఉపయోగం. పావు వంతు మాత్రం కలిపితే పగిలిన శబ్దంలా వినిపించదు, కానీ ఇందాక చెప్పిన పై కంపనాలు పెరిగి డప్పుల మధ్య కూడా స్వరం తెలుస్తుంది. బ్లెండ్ లేని గిటార్ డిస్టార్షన్ పెడల్ తెస్తే అడుగు శబ్దం సన్నబడుతుంది. ఈక్వలైజర్ ఉంటే 700, 800 దగ్గర కొంచెం పెంచి, కిక్ ఉండే 60, 80 దగ్గర కొంచెం తగ్గించి చూడండి. ఇంట్లో వింటే సన్నగా అనిపిస్తుంది, బృందంతో కలిసినప్పుడు సరిగ్గా కూర్చుంటుంది.

ఆక్టేవ్ పెడల్ నాకు అన్నిటికన్నా ఇష్టం. మీరు వాయించే స్వరానికి కింది స్థాయి స్వరాన్ని అది కలుపుతుంది. బాస్ కంపెనీ 1982లో తెచ్చిన ఓసీ-2ని ఇప్పటికీ వెతికి కొంటున్నారు. 2020లో వచ్చిన ఓసీ-5 షాపుల్లో దొరుకుతుంది. చాలామంది దీన్ని ఆన్ చేసి ఇ తీగ మీద వాయించి "బాగాలేదు" అని అమ్మేస్తారు. 41కి కింది స్థాయి అంటే 20. ఆ శబ్దం ఏ బాక్సులోనూ రాదు, పెడల్ కూడా ఆ స్వరాన్ని సరిగా పట్టుకోలేక తడబడుతుంది. డి, జి తీగల మీదికి రండి. డి తీగ ఏడో ఫ్రెట్ 110. దాని కింది స్థాయి 55, అంటే ఖాళీ ఎ తీగ. జి తీగ ఏడో ఫ్రెట్ 147. దాని కిందిది 73. ఈ మేర అన్ని బాక్సులూ చక్కగా పలికిస్తాయి. ఒకసారి ఒక్క స్వరమే మోగాలి, మిగతా తీగలను ఎడమ చేతి వేళ్లతో తాకి మూసి ఉంచండి, కొంచెం గట్టిగా మీటండి. కింది స్థాయి గుండీ మూడొంతులు, అసలు శబ్దం సగం పెడితే దాదాపు సింథ్ బేస్ అయిపోతుంది.

అన్నీ విడివిడిగా కొనే స్తోమత లేకపోతే జూమ్ బీ1 ఫోర్ లాంటి మల్టీ-ఎఫెక్ట్ ఒకటి తీసుకోండి. నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, ట్యూనర్, రిథమ్, లూపర్ అందులోనే ఉన్నాయి. కోరస్, డిలే, వా అన్నీ దాని మీద విని, ఏది నిజంగా వాడుతున్నారో తెలిశాక ఆ ఒక్క పెడల్ మంచిది కొనుక్కోండి. కోరస్ గురించి ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర లేదు. నెమ్మది పాటలో అప్పుడప్పుడూ బాగుంటుంది.

సింథ్

సింథ్ అంటే శబ్దాన్ని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే వాద్యం. గిటార్ వేళ్ల కింద కుదిరాకే ఇటు రండి. 1970లో వచ్చిన మినీమూగ్ నుంచి సినిమా పాటల్లో వినే సింథ్ బేస్ దాకా లోపలి సూత్రం ఒకటే: ఒక ఆసిలేటర్ శబ్దం పుట్టిస్తుంది, ఫిల్టర్ పై భాగాన్ని కోస్తుంది, ఎన్వలప్ ఆ కోత ఎంత సేపట్లో జరగాలో చెప్తుంది. రోలాండ్ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టె తెచ్చింది, ఒంటరిగా వాయించుకునే గిటార్ వాళ్లకు బేస్ తోడు ఇవ్వాలని. 1982లోనే బొంబాయి సెషన్ కళాకారుడు చరణ్‌జిత్ సింగ్ దాని మీద రాగాలు వాయించి రికార్డు చేశారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గుణం దానిలో ఉంది. మన సంగీతంలో జారు అంటామే, అది. మన పాటలకు సింథ్ కొనేటప్పుడు నేను ముందు చూసేది ఈ గుణమే. పేరు గ్లైడ్ అనో పోర్టమెంటో అనో రాసి ఉంటుంది.

డబ్బు పెట్టే ముందు కీబోర్డ్ అన్న దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. మన దగ్గర చాలామంది వాడే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10లోనే సింథ్ బేస్ శబ్దాలున్నాయి. ఏ పాటలో మీకు అది కావాలనిపిస్తుందో, ఏ పాటలో గిటారే చాలనిపిస్తుందో అక్కడే తెలుస్తుంది. తర్వాతి మెట్టు ల్యాప్‌టాప్. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితంగా దొరుకుతాయి, ల్యాప్‌టాప్‌కి తగిలించే 25 కీల చిన్న మిడి కీబోర్డు చాలు. ఇలా మొదలుపెట్టండి: ఒక సా-టూత్ ఆసిలేటర్, దానికి ఒక స్థాయి కింద ఒక స్క్వేర్ (రెండూ శబ్ద తరంగాల ఆకారాల పేర్లు), ఫిల్టర్ మూడో వంతు తెరిచి, రెజొనెన్స్ (ఫిల్టర్ కోసే చోట శబ్దాన్ని ఎత్తి చూపే గుండీ) తక్కువ, గ్లైడ్ కొంచెం, మోనో మోడ్ (ఒకసారి ఒక్క స్వరమే). ఫిల్టర్‌ను మెల్లగా తిప్పుతూ వింటే స్వరం ఎక్కడ తేటగా వస్తుందో చెవికి తెలుస్తుంది. నొక్కిన తర్వాత ఆలస్యంగా మోగితే ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్‌కి బయట తగిలించే సౌండ్ పెట్టె) పెట్టుకుని, సెట్టింగుల్లో బఫర్ అనే అంకెను 128కి దించండి.

చేత్తో తిప్పే పెట్టె కావాలంటే కోర్గ్ వోల్కా బేస్ బాగుంటుంది. 2013లో వచ్చింది, మూడు ఆసిలేటర్లు, 16 మెట్ల సీక్వెన్సర్ (స్వరాల వరసను గుర్తుపెట్టుకుని తనే వాయించేది), బ్యాటరీలతోనూ నడుస్తుంది. అడాప్టర్ విషయంలో మాత్రం జాగ్రత్త. గిటార్ పెడళ్లకు తొమ్మిది వోల్టులు, ప్లగ్ మధ్యలో మైనస్. వోల్కాకూ తొమ్మిది వోల్టులే, కానీ మధ్యలో ప్లస్, ప్లగ్ సైజు కూడా వేరు. దొరికిన కన్వర్టర్ ముక్క తగిలించి పెడల్ అడాప్టర్ గుచ్చొద్దు. ప్రతి అడాప్టర్ వెనక గుండ్రటి గుర్తు, మిల్లీఆంపుల అంకె ఉంటాయి, రెండూ చదవండి. పెడళ్లన్నీ వాడే మిల్లీఆంపులు కలిపితే వచ్చేది అడాప్టర్ ఇచ్చేదానికన్నా తక్కువ ఉండాలి. నేను మా అడాప్టర్ల మీద ఇన్సులేషన్ టేపు అంటించి, పెడల్‌వి నలుపు, సింథ్‌వి ఎరుపు అని పెట్టుకున్నాను, చీకట్లో వైర్లు వేసే పిల్లలకు కూడా తికమక ఉండదు.

సింథ్ సిగ్నల్ గిటార్ కన్నా చాలా బలంగా వస్తుంది. డీఐ మీద సిగ్నల్ తగ్గించే ప్యాడ్ బటన్ నొక్కి, సింథ్ వాల్యూమ్ సగంలో పెట్టి, మిక్సర్‌లో గెయిన్ పూర్తిగా దించి అక్కడి నుంచి మెల్లగా పెంచమని సౌండ్ అన్నకు చెప్పండి. ఎర్ర లైటు వెలగకముందే ఆపాలి.